చిల్లి పడ్డ గవ్వ

సిరిసిల్ల బజార్లో ఒక పూసల దుకాణానికి పోయి గవ్వలు కావాలన్నాను. దుకాణాయన తలెత్తకుండానే అడిగాడు: “చిల్లివి కావాల్నా అన్నా, నిండువి కావాల్నా?” రెండు సంచులు తీసి ముందు పెట్టాడు. ఒకదాంట్లో వీపు గుండ్రంగా, నిండుగా ఉన్న గవ్వలు. రెండోదాంట్లో వీపు కోసేసినవి, తిప్పి చూస్తే లోపలి డొల్ల కనబడుతోంది. ధర అడిగాను. చిల్లివే ఎక్కువ. అదేమిటంటే, నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూసి, “కోసిన కూలి ఉండదా అన్నా?” అన్నాడు.

చేతిలో చిల్లిగవ్వ లేదనడం వింటూ, అంటూ పెరిగినవాణ్ణి. దమ్మిడీ, ఏగాని, కాసు, పైసా అన్నీ అయిపోయాక, ఇక అంతకంటే కిందికి దిగడానికి మెట్టు లేని చోట మన భాష చిల్లిగవ్వను పెట్టింది. గుడ్డిగవ్వ చేయడనడమూ ఆ వరసే. హిందీవాళ్లకు ఫూటీ కౌడీ ఉంది. అలాంటిది సిరిసిల్లలో నిండు గవ్వ చవక, చిల్లిగవ్వ ప్రియం! ఈ తలకిందుల లెక్క ఏమిటో చూద్దామనే ఈ వ్యాసం.

గవ్వ ఒకప్పుడు నిజంగానే డబ్బు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన ‘లీలావతి’ మొదట్లోనే నాణేల పట్టిక ఉంది. 20 వరాటకాలు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణం, 16 పణాలు ఒక ద్రమ్మం, 16 ద్రమ్మాలు ఒక నిష్కం. వరాటకం అంటే గవ్వ. గుణించుకుంటూ పోతే ద్రమ్మానికి 1,280 గవ్వలు, నిష్కానికి 20,480. ఆరు వందల ఏళ్ల తర్వాత బెంగాల్‌లోనూ దాదాపు ఇదే లెక్క. నాలుగేసి గవ్వలు ఒక గండా, 80 ఒక పణం, 1,280 ఒక కహాన్, నాలుగు కహాన్‌లు, అంటే 5,120 గవ్వలు, ఒక రూపాయి. 1778లో సిల్హట్‌కు కలెక్టరుగా పోయిన రాబర్ట్ లిండ్సేకు అక్కడి శిస్తు గవ్వల రూపంలో వచ్చిపడేది. వాటిని దాచడానికి కొట్లు, ఢాకాకు పంపడానికి పడవలు కావలసి వచ్చాయి. తెలుగు నేలకు మరింత దగ్గరగా, ఒరిస్సాలో ఈస్టిండియా కంపెనీ గవ్వల చెల్లుబాటును తీసేసి శిస్తు వెండి రూపాయల్లోనే కట్టాలంది. 1817లో ఖుర్దాలో పైకులనే స్థానిక సైనికులు తిరగబడటానికి ఉన్న కారణాల్లో చరిత్రకారులు దీన్నీ ఒకటిగా చెబుతారు. మనం నవ్వుతూ వాడే మాట వెనక ఒకనాడు కడుపు మంట కూడా ఉంది.

ఈ గవ్వ గోదావరిలో పుట్టేది కాదు. వెచ్చని సముద్రాల్లో, పగడపు దిబ్బల మీద బతికే నత్త జాతి ప్రాణి అది. డబ్బుగా చెల్లిన గవ్వలకు అన్నిటికంటే పెద్ద గని మాల్దీవులు. నీళ్ల మీద కొబ్బరి మట్టలు వేసి ఉంచితే ఆ పురుగులు వచ్చి పట్టుకుంటాయని వెయ్యేళ్ల కిందటి అరబ్బు రచనల్లో ఉంది. 1343–44 ప్రాంతంలో ఆ దీవుల్లో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా ఇంకొంచెం చెప్పాడు. సముద్రం నుంచి ఏరి తెచ్చి, గొయ్యి తవ్వి పూడ్చిపెడతారు. లోపలి మాంసం కుళ్లిపోయి తెల్లని పెంకు మిగులుతుంది. దాన్ని బెంగాల్‌కు పంపి బియ్యం తెచ్చుకుంటారు. బంగారు దీనారుకు నాలుగు లక్షల గవ్వలు, ధర పడిపోయినప్పుడు అంతకంటే ఎక్కువ. అదే మనిషి తర్వాత ఆఫ్రికాలోని మాలీ రాజ్యానికి పోయి చూస్తే అక్కడ దీనారుకు 1,150. ఏరిన ఒడ్డుకు, ఖర్చు పెట్టిన బజారుకు మధ్య అంత దూరం. ఆ దూరాన్నే తర్వాత ఐరోపా ఓడలవాళ్లు లాభంగా మార్చుకున్నారు. పశ్చిమ ఆఫ్రికా తీరాన మనుషులను కొని బానిసలుగా ఓడకెక్కించినప్పుడు ఇచ్చిన ధరలో ఈ గవ్వలూ ఉన్నాయి. ఇవాళ్టి ఘనా దేశపు నాణెం పేరు ‘సెడి’. గవ్వకు అక్కడి మాట నుంచే అది వచ్చింది.

దీవులవాళ్ల డబ్బు గురించి చదువుతుంటే నాకు ఎప్పుడూ ఒక తేడా కనబడుతుంది. సాలమన్ దీవుల్లోని మలైతా దగ్గర లంగా లంగా మడుగులో ఆల్చిప్పలు పగలగొట్టి, అరగదీసి, చిన్న చిన్న బిళ్లలు చేసి, తిరుగుడు బరమాతో నడుమ బెజ్జం వేసి, పేరుగా గుచ్చుతారు. ఎర్ర పెంకును రాతి మీద కాలిస్తే ఎరుపు ఇంకా తేలుతుంది, దానికే విలువ ఎక్కువ. శాంటా క్రూజ్ దీవుల్లో ఈకల డబ్బు ఉండేది. దాదాపు పది మీటర్ల పట్టీని చుట్టలా చుట్టి, పైన చిన్న పిట్టల ఎర్ర ఈకలు వేల కొద్దీ అంటిస్తారు. పిట్టను పట్టేవాడు ఒకడు, ఈకల పలకలు చేసేవాడు ఒకడు, పలకలను పట్టీకి కట్టేవాడు మరొకడు. యాప్ దీవివాళ్లు పలావులో సున్నపురాయి తొలిచి, నడుమ బొక్క పెట్టి, 400 కిలోమీటర్ల సముద్రం మీద పడవల్లో తెచ్చుకున్న రాతి చక్రాల్లో మనిషి ఎత్తును మించినవి కూడా ఉన్నాయి. ఈ మూడింటిలోనూ విలువంతా మనిషి పడిన పాటుది. గవ్వ దగ్గర అది లేదు. దాన్ని ఏరాలి, కుళ్లబెట్టాలి, కడగాలి. అంతే. చెయ్యి చేసిన పని ఏమీ లేదు కాబట్టే దొంగ గవ్వ చేయడం అంత సులువు కాలేదు.

అయితే పనితనం లేదనకూడదు. అది ఆ ప్రాణిది. ఒక నిండు గవ్వను అరచేతిలో పెట్టుకుని చూడండి. బరువు గ్రాముకు అటూఇటూ. వీపు లేత పసుపు, కడుపు తెలుపు. మెరుగు పెట్టినట్టు ఆ నిగనిగ ఎక్కడిది? బతికి ఉన్నంత కాలం ఆ పురుగు తన మెత్తని పైపొరను పెంకు మీదికి రెండు పక్కల నుంచీ కప్పుకునే ఉంటుంది, తన ఇంటికి బయట నుంచి తానే సున్నం వేసుకుంటూ ఉంటుంది. చిన్నప్పుడు పెంకు పలచగా, నోరు వెడల్పుగా ఉంటుంది. ఎదిగాక అంచులు లోపలికి మడుచుకుని, నోరు సన్నని చీలికలా మిగిలి, దానికి రెండు వైపులా పళ్లు మొలుస్తాయి. నోరు కట్టుకున్నాక ఇక పొడవు పెరగదు. పళ్లు చూసి ఇది పని పూర్తయిన గవ్వ అని చెప్పొచ్చు.

డబ్బు మీద చేతిపని చూడాలంటే మా జిల్లాలోనే ఒక చోటుంది. జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల. పోస్టుమాస్టరుగా పనిచేసిన సంగనభట్ల నరహరి శర్మ అక్కడ నేల మీద దొరికిన నాణేలను ఏరి, దాచి, పండితుల కంట పడేలా చేశారు. తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. గోభద, నారన, కంవాయసిరి, సమగోప అనే రాజుల పేర్లు, శాతవాహనుల మొదటివాడు ఛిముకుడి పేరు ఆ నాణేల మీదనే చదివారు. గోరంత బిళ్ల మీద బ్రాహ్మీ అక్షరాల్లో రాజు పేరు వంకర తిరుగుతూ పోవడం, ఏనుగు తొండం రెండే వంపుల్లో తేలడం చూస్తే, ముద్ర తొలిచిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది. కానీ పేరున్న డబ్బుకు ఆ పేరున్నంత కాలమే ఆయుష్షు. గవ్వకు రాజు లేడు. లిపి చదవలేనివాడికి కూడా అది గవ్వే.

మరి గవ్వకు ఏది చావు? చిల్లి. వీపు పగిలితే, బెజ్జం పడితే, సాహుకారు దాన్ని పక్కకు నెట్టేవాడు. మన సామెతలన్నీ ఆ పక్కకు నెట్టినవాడి గల్లా దగ్గర పుట్టినవే. ఆ నెట్టిన గవ్వ ఎటు పోయిందో సామెత చెప్పదు. నా చేతిలో ఉన్న చుట్టబట్ట చెబుతుంది.

నీళ్ల బిందె కింద నెత్తికి పెట్టుకునే చుట్ట ఇది, లంబాడీలది. సిరిసిల్ల జిల్లా వీర్నపల్లి వైపు ఒక తండాలో, అరవై దాటిన ఒకామె పెట్టెలోంచి తీసి చూపించింది. వాళ్లమ్మ కుట్టిందట. గుడ్డపీలికలు బిగించి చుట్టిన రింగు, పైన ఎర్రబట్ట. రింగు నుంచి వెనక్కి, మెడ మీదుగా వీపున వాలేలా ఒక చదరపు గుడ్డ, దాని కొసలకు ఊలు కుచ్చులు. రింగు నిండా, గుడ్డ అంచుల పొడుగునా గవ్వలు. లెక్కపెడితే 214. మూడు చోట్ల రాలిపోయిన జాగాలున్నాయి.

మొదట చూడాల్సింది కోత. నిండు గవ్వ బట్ట మీద నిలవదు, వీపు మీద పొర్లుతుంది, సూదికి దారి ఉండదు. అందుకని వీపును గరుకు రాతి మీద నీళ్లు చల్లుతూ అరగదీస్తారు. గ్రానైటు గుట్టల నడుమ బతికే మన దగ్గర అరగదీసే రాయికి కరువేం లేదు. డొప్ప పలచబడి, ముందు సూదిమొనంత కన్నం పడి, అది కోడిగుడ్డు ఆకారంలో పెద్దదవుతుంది. ఎక్కడ ఆపాలన్నదే పని. తక్కువ అరిగితే గవ్వ ఇంకా ఊగుతుంది, ఎక్కువ అరిగితే నోటి అంచులు విడిపోతాయి. చుట్టబట్ట మీది గవ్వలను వేలితో నొక్కి చూశాను. ఒక్కటీ ఊగలేదు. బజార్లో మిషను మీద కోసిన గవ్వల అంచు కత్తిలా తిన్నగా ఉంటుంది. వీటిది కొంచెం లోపలికి వంగి, బట్ట ఉబ్బుకు సరిగ్గా కూర్చునేలా ఉంది. రింగు గుండ్రం కాబట్టి రాతి మీద కాస్త పక్కలకు ఒరిగించి రుద్దారన్నమాట. ఏ గవ్వ ఎక్కడికి పోతుందో రుద్దేటప్పుడే తెలుసు.

తర్వాత వరస. గవ్వకు ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. ఇది చాలా కాలం నా కంటికి ఆనలేదు. రింగు మీద అన్నిటికీ సన్న కొస లోపలికి, వెడల్పు కొస బయటికి. పక్కపక్కన ఆనించుకుంటూ పోతే వరసే తనంతట తాను వంపు తిరుగుతుంది, బావి ఒర కట్టేవాడు రాళ్లు పేర్చినట్టు. తిన్నని అంచు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. ఒకటి సన్న కొస పైకి, పక్కది వెడల్పు కొస పైకి. ఒకదాని వంపు పక్కదాని సన్నంలో ఇమిడి, వరస దారం పట్టినట్టు పోయింది. రింగు లోపలి వరసకు చిన్న గవ్వలు, బయటి వరసకు పెద్దవి ఏరిపెట్టారు. ఎక్కడా సందు చిక్కక ఇరికించినది లేదు, సందు మిగిలి పూస కుట్టి కప్పినదీ లేదు. స్కేలు, కాగితం లేని ఇంట్లో ఈ పని జరిగింది. కొలత అంతా ముందు ఏరడంలో ఉంది.

కుట్టు ఇంకా చిత్రం. దారం బట్ట కింది నుంచి గవ్వ డొల్లలోకి వస్తుంది, నోటి చీలిక గుండా పైకి లేస్తుంది, చీలిక వెంబడి కొసదాకా పోతుంది. గవ్వకు రెండు కొసల్లోనూ సహజంగా చిన్న గాడి ఉంటుంది. దారం ఆ గాడిలోంచి దిగి మళ్లీ బట్టలోకి. రెండో కొసకూ అంతే. పురుగు తన కోసం పెట్టుకున్న తోవలు దారానికి తోవలయ్యాయి. పళ్ల నడుమ దారం బిగిసి పక్కకు జారదు. పైనుంచి చూస్తే చీలికలో ఎర్రగా ఒక గీత, నోట్లో తాంబూలం పండినట్టు. దారం ఎర్రదే ఎందుకు వాడారో అప్పుడు అర్థమైంది.

ఆ చుట్టబట్టను ఒకటి రెండు రోజులు అడిగి తెచ్చుకుని సిరిసిల్లలో నేత పని తెలిసిన మిత్రుడికి చూపించాను. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఊరు కదా, ఇక్కడివాళ్లకు బట్ట ఇస్తే ముందు తిరగేస్తారు. అతనూ గవ్వల వంక చూడనే లేదు, వెనక్కి తిప్పాడు. వెనక ఒక్కో గవ్వకు రెండు చిన్న గీతలు, వాటి మధ్య ఒక ముడి. దారం ఒక గవ్వ నుంచి ఇంకో గవ్వకు నడవలేదు. 214 గవ్వలకు 214 ముళ్లు. రాలిన మూడు చోట్లా పక్కవి చెక్కు చెదరలేదు. “ఇట్ల కుట్టాల్నంటే మూడింతలు పొద్దు పడ్తది,” అన్నాడు గోటితో ముడి గీకి చూస్తూ. తిరిగి ఇచ్చేటప్పుడు ఆమెతో ఈ మాట అంటే, “ఒకటి పోతే ఒక్కటే పోవాలె గద బిడ్డా,” అంది.

ఇదే చెయ్యి కాంచళి అనే రవిక మీద, ఫేటియా అనే లంగా నడుం పట్టీ మీద, టుక్రి అనే ముసుగు అంచు మీద కూడా తిరిగి ఉంటుంది. అద్దాలు, రంగుల దారాలు చూసి మురిసేవాళ్లు గవ్వల దగ్గర ఆగరు. తెల్లగా ఉంటుంది కాబట్టి కాబోలు. కానీ అద్దానికి చుట్టూ దారం గూడు అల్లి పట్టుకోవాలి, గవ్వ తన పట్టు తానే ఇస్తుంది. ఆ పట్టు ఎక్కడుందో కనుక్కున్నవాళ్లు తెలివైనవాళ్లు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగిన జాతి లంబాడీలు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషువాడు 14,000 ఎడ్లున్న ఒక తండా దారిలో ఎదురైందని రాసుకున్నాడు. ముందు నడిచే ఎడ్ల నొసటికి కూడా గవ్వల పట్టీలు కట్టేవారు. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చిన మూపులే గవ్వలనూ ఇటు తెచ్చాయని నా ఊహ. చెల్లే గవ్వలు బజారుకు, చెల్లనివి సూదికి.

మా వైపు గవ్వ ఇంకా రెండు మూడు చోట్ల తిరుగుతుంది. మెట్‌పల్లి దగ్గర పెద్దాపూర్ మల్లన్న బోనాలకు పోతే ఒగ్గు పూజారుల మెడల్లో గవ్వల దండలు చూడొచ్చు, భండారి పసుపు అంటుకుని అవి తెల్లగా ఉండవు. వంటింట్లో పిండిముద్దను గవ్వల చెక్క మీదో, కొత్త దువ్వెన వెనకో పెట్టి బొటనవేలితో ఒక్క తోపు తోస్తే గీతలు పడి, ముడుచుకుని, నూనెలోకి పోయి, బెల్లం పాకంలో తేలతాయి. పెంకు చూడని ఊళ్లో కూడా ఆ పళ్లు, ఆ చీలిక పిండిలో దింపడం పిల్లలకు వచ్చు. ఇంతకంటే రుచిగల టంకశాల నాకు తెలియదు.

అన్నిటికంటే ఎక్కువగా అష్టాచెమ్మ. కోరుట్లలో మా నాయినమ్మ బీడీలు చుట్టిన చాట పక్కకు జరిపి, గచ్చు మీద సుద్దతో గళ్లు గీసేది. నాలుగు గవ్వలు. ఒకటి నోరు పైకి పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు, నాలుగూ పడితే చెమ్మ, అన్నీ బోర్లా పడితే అష్ట. అందులో ఒక గవ్వ వీపు అరిగి కన్నం పడింది. అది ఎక్కువగా నోరు పైకే పడేది. వీపు చదునైతే దొర్లదు కదా. నాయినమ్మకు ఆ సంగతి తెలుసు. ఓడిపోతున్నప్పుడు మాత్రమే దాన్ని మార్చాలని పట్టుబట్టేది.

తండాలో చివరిసారి కూర్చున్నప్పుడు నేను కొన్న సంచీని ఆమె ముందు కుమ్మరించాను. రాలిన మూడు జాగాలు పూరిస్తానంది. కళ్లజోడు దించుకుని, వేలి కొసతో ఒక్కో గవ్వను తిప్పి వీపు చూస్తూ ఏరడం మొదలుపెట్టింది. కోసిన వాటిలో చాలావాటిని పక్కన పెట్టింది. “మిషన్ది, అంచు కోస్తది, దారం తెగ్తది.” ఐదారు మిగిలాయి. వాటిని గడప రాతి మీద కాస్త రుద్ది, జాగాలో పెట్టి చూసి, మళ్లీ రుద్ది, మూడు ఖాయం చేసింది. దారానికి కొవ్వొత్తి ముక్క రాసి, సూదికి ఎక్కించింది. సంచిలో దుకాణాయన పొరపాటున కలిపిన నిండు గవ్వ ఒకటుంది, వీపు నిగనిగలాడుతూ. దాన్ని చూపుడువేలితో నేల మీదికి తోసేసింది.

“సిల్లి లేంది నాకెందుకు?”

వాకిట్లో ఆడుతున్న మనవడు పరిగెత్తుకొచ్చి దాన్ని పట్టుకుపోయాడు. వాళ్ల దగ్గర మూడే ఉన్నాయట, నాలుగోది బదులు చింతగింజ పెట్టుకుని ఆడుతున్నారు.